ఏడో వరసలో పాలు

మురుగు గొట్టంలోకి దించిన యంత్రపు నాలుక మూడోసారి కూడా అదే రుచి చెప్పింది. సామ్రాజ్యం దాన్ని పైకి లాగి, గుడ్డతో తుడిచి మళ్ళీ దించింది. నాలుగోసారీ అంతే. కొవ్వు, తీపి, మనిషి తాలూకు గుర్తు.

"ఏంటక్కా, ఎవరింట్లో ఉప్మా మాడింది?" అన్నాడు గొట్టం మూత పట్టుకుని నిలబడ్డ సహాయకుడు యోహాను. ఏడో వరసలో ఏ ఇంట్లో ఏం మాడిందో, ఎవరు గంజి దొంగతనంగా పారబోశారో వాళ్ళిద్దరికీ ఇంటి మగాళ్ళకంటే ముందే తెలిసిపోతుంది.

"పాలు," అంది సామ్రాజ్యం.

"గేదెవా?"

"గేదెలెక్కడున్నాయిరా ఇప్పుడు! తల్లిపాలు."

యోహాను మూత చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

ఊరి అడుగున పొర బతుకుతోంది. గొట్టాల గోడల్ని అంటిపెట్టుకుని, ఊరి మురికంతా తిని, నీళ్ళు తేర్చి మళ్ళీ కుళాయిలకే పంపుతుంది. దానికి పడనివి నలభై రెండు. నూనె, గంజి, మందులు, చితాభస్మం, పాలు. పారబోయరానివాటి పట్టీ పిల్లలకి బళ్ళో ఎక్కాలతోపాటు వల్లె వేయిస్తారు. గ్లాసెడు పాలకి పొర పులిసిపోదని నాలుక రుచి చదివే చదువరులందరికీ తెలుసు. కానీ పట్టీలో గ్లాసుల లెక్క లేదు.

నాలుకకి వరస తెలుస్తుంది గాని గడప తెలియదు. గడప చెప్పాల్సింది చదువరి. మొన్నా నిన్నా సామ్రాజ్యం గుమ్మం ఎక్కకుండానే, ఉత్త 'కొవ్వు' అనుకుని, అంచనాగా పంతొమ్మిదో ఇంటి మీద రెండు దాఖలాలు రాసేసింది. మూడోది పడితే ఆ ఇంటి తూము నోరు మూసేస్తారు. నలభై రోజులు ఇల్లు ఖాళీ చెయ్యాలి.

"తొందరగా రాసెయ్యక్కా. మన దాఖలా మూసుకుంటేగాని ఎనిమిదో వరస వాళ్ళది తెరుచుకోదు. మొన్న నీ వల్ల అరగంట ఊరంతా ఆగిందని ఇప్పటికీ దెప్పుతున్నారు."

"ఉండు. అడిగొస్తాను," అంటూ ఆమె పంతొమ్మిదో గుమ్మం ఎక్కింది.

వజ్రమ్మ తలుపు తీసింది. ఆమె కళ్ళు ముందు సామ్రాజ్యం చేతిలోని దాఖలాల పలక మీద పడ్డాయి.

"మూడోది కూడా తెచ్చావా, సామ్రాజ్యం? రా, లోపలికొచ్చి రాసుకో. ఎండలో ఎందుకు!"

"పిన్నిగారూ, పాలు ఎవరివి?"

వజ్రమ్మ పక్కకి తప్పుకుంది. లోపల మంచం మీద ఆమె కోడలు హిమజ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. రవికె ముందంతా తడి. తడిబట్టలో చుట్టిన మల్లెదండలు రవికె కిందనుంచి తొంగిచూస్తున్నాయి. గదంతా వాడిన మల్లెల వాసన.

"బాబు పోయి ఆరు రోజులు," అంది వజ్రమ్మ. "పూలు కడుతూనే ఉన్నాం. మా అత్త నాటి వైద్యం. పాలు తగ్గలేదు."

"పరాయి పిల్లల కోసం పాలపెట్టెకి ఇవ్వలేకపోయారా?"

"బిడ్డ సంఖ్య అడుగుతుందిగా. వాడు పోయిన గంటకే సంఖ్య కొట్టేశారు. పెట్టె తీసుకోనంది. మల్లెచెట్టు మొదట్లో పోశాం. చెట్టు చచ్చింది. పాలు ఆగే మాత్ర వేసుకుందామంటే అది ఒంట్లోంచి పోయేది మళ్ళీ ఆ గొట్టంలోకేగా. మందులూ మీ పట్టీలో ఉన్నవేగా. మరెక్కడ పొయ్యమంటావు తల్లీ, నెత్తిన పోసుకోమంటావా?"

 ఇరవయ్యారేళ్ళ కిందట సామ్రాజ్యం బిడ్డ పురిటిస్నానానికి ముందే పోయింది. గుమాస్తా ఎవరో బద్ధకించడంతో సంఖ్య కొట్టెయ్యడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ సామ్రాజ్యం పాలపెట్టె దగ్గరికి నడిచి వెళ్ళింది. పెట్టె తూచి, ధన్యవాదాలు చెప్పేది. అమ్మ ఒక్కసారే అడిగింది. "గుక్కెడైనా పారే నీళ్ళలో పోసి, దాన్ని పేరుతో పిలిచి సాగనంపవే. పారిజాతం అనుకున్నాంగా."

"పాలు పట్టీలో ఉన్నాయి కదమ్మా," అంది తను. అప్పుడే చదువరిగా చేరింది. అమ్మ మళ్ళీ అడగలేదు. తర్వాత పదేళ్ళు బతికింది, ఆ పేరు ఎత్తలేదు. ఆ పిల్ల ఈ లోకంలోంచి పేరు లేకుండానే వెళ్ళిపోయింది.

"పిన్నీ," అంది హిమజ సామ్రాజ్యంతో, మొదటిసారి నోరు విప్పి. "ఇల్లు ఖాళీ చెయ్యాలా? వాడి ఉయ్యాల ఇంకా విప్పలేదు."

సామ్రాజ్యం పలక తెరిచి నోటి దగ్గర పెట్టుకుంది.

"గడప?" అంది పలక.

"నలభై ఒకటి."

గుమ్మంలో నిలబడ్డ యోహాను ఉలిక్కిపడ్డాడు. "అక్కా! అది మీ ఇల్లు. పిచ్చా నీకు?"

"తల్లి?"

"సామ్రాజ్యం."

"వయసు యాభై ఒకటి. పొంతన లేదు. బిడ్డ పేరు?"

ఉద్యోగంలో వేలసార్లు విన్న గొంతే.  సామ్రాజ్యం స్పష్టంగా పలికింది.

"పారిజాతం."

పలక వెతకడం మొదలుపెట్టింది. పేరున్న బిడ్డకి సంఖ్య ఉండాలి. ఆ పేరుకి సంఖ్య లేదు. కానీ చదువరి నోటిమాట కొట్టెయ్యడానికీ వీల్లేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. దాఖలా మూసుకోలేదు. యోహాను నడుముకున్న కబురు పెట్టె గొల్లుమంది. ఎనిమిదో వరస, తొమ్మిది, ఆపైన బజారు వరసలు, ఒకదాని తర్వాత ఒకటి నాలుకలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

"ఊరంతా ఆగిందక్కా. ఈసారి అరగంటతో పోదు. నీ ఉద్యోగం..."

"వెతకనీరా. ఇన్నాళ్ళూ నేనూ వెతకలేదు."

ఆమె పలకని గూట్లో పెట్టి, హిమజ పక్కన కూర్చుంది. మంచం కింద పాలగిన్నె ఉంది. దాన్ని తీసి హిమజ చేతికిచ్చింది.

"తూములో పోసెయ్యమ్మా. ఉత్తినే పొయ్యకు. పేరు పెట్టి పిలిచి పొయ్యి."

"పేరేం అనుకోలేదు పిన్నీ. పదకొండో రోజు చూద్దామన్నారు."

"ఇప్పుడు అనుకో," అంది సామ్రాజ్యం. "తొందరేం లేదు. ఊరంతా ఆగే ఉంది."