ఎర్రగుట్ట గేరు

"ఏమయ్యా మేస్త్రీ, మా జీపుకి వైద్యం చేశావా, చేతబడి చేశావా?"

దయామణి నాతో అన్న మొదటి మాట ఇది. మాచర్లలో మా షెడ్డులో నేనప్పుడు ఒక లారీ కింద పడుకుని పని చేస్తున్నాను. అక్కడినుంచి నాకు తెల్లచీర అంచు, దుమ్ము కొట్టుకున్న చెప్పులు, పక్కనే మూత పగిలిన మందుల పెట్టె మాత్రమే కనిపించాయి. బయటికొచ్చి చూస్తే ఆ కోపానికి తగ్గ కళ్ళు కూడా ఉన్నాయి.

సాగర్ ఆనకట్ట కడుతున్న రోజులవి. ఆమె మిషను ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ నాన్న నెహెమ్యాగారు అక్కడే జీపు డ్రైవరు. ప్రతి గురువారం తండ్రీకూతుళ్ళు ఎర్రగుట్ట మీది తండాకి మందులు తీసుకెళ్తారు. మిలిటరీ వేలంలో కొన్న ఆ జీపు ముందురోజు గుట్ట సగం ఎక్కి, ఆగి, వెనక్కి జారిందట. క్లచ్చి కమురు వాసన కొట్టిందట. వారం కిందట ఆ క్లచ్చి ప్లేటు మార్చింది నేనే.

"తప్పు క్లచ్చిది కాదండీ, గేరుది. ఆ గుట్టకి కావాల్సిన నిదానం మీ జీపుకి లేదు" అన్నాను.

"గుట్ట ఎక్కాలంటే జోరు కావాల గానీ నిదానమేంది?"

రెండు గేరు చక్రాలు తెచ్చి ఆమె ముందు పళ్ళు కలిపి తిప్పాను. చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు తిరిగింది. "చిన్నది ఇంజను అనుకోండి, పెద్దది బండి చక్రం. ఎంత నిదానంగా తిరిగితే అంత బలం."

ఆమె నా చేతిలోంచి లాక్కుని తనే తిప్పి చూసింది. తెల్లచీరకి గ్రీజు అంటినా పట్టించుకోలేదు. నేను పడిపోయింది అప్పుడే.

"మరి మా జీపులో ఆ పొట్టి రాడ్డు ఉందిగా? అది వేస్తే నాలుగు చక్రాలూ కదిలి నిదానంగా పోద్దని మా నాయన చెప్తాడే?"

"పోద్ది. సగానికి తగ్గుద్ది. ఎర్రగుట్టకి సగం చాలదు. ఆ రాడ్డు కింద ట్రాన్స్‌ఫర్ బాక్సని ఒకటుంది. దాంట్లో గేర్లు మారిస్తే మనిషి నడకకి దించొచ్చు."

"దించు మరి. ఈ నెలాఖరుకి జీపు ఎక్కకపోతే గురువారం ట్రిప్పు ఎత్తేస్తాడంట మా సెక్రటరీ అబ్రహాముగారు. నన్ను నరసరావుపేట ఆసుపత్రికి మారుస్తాడంట. తండాలో నెలలు నిండినోళ్ళు నలుగురున్నారు, తెలుసా?"

ఆ నలుగురి గురించి బాధపడాల్సింది పోయి, నేను నరసరావుపేట ఎంత దూరమో ఆలోచించాను. నా బుద్ధి అలాంటిది.

ఇంకో చిక్కు కూడా ఉంది. నేను రెంటచింతల ఆర్.సి.ఎం. వాణ్ణి, అంటే రోమన్ కాథలిక్కుని. నెహెమ్యాగారు లూథరన్ సంఘం పెద్ద. మా జపమాల చూస్తేనే ఆయన మొహం తిప్పుకుంటాడు. ఊళ్ళో కుర్రాళ్ళంతా ఆయన్ని "బాబాయ్" అంటారు. నేను మాత్రం "డ్రైవరుగారూ" అంటాను. బాబాయ్ అంటే దయామణి నాకు చెల్లెలైపోదూ? ఈ సంగతి ఆమెకి తప్ప మాచర్ల మొత్తానికి తెలుసు.

చిన్న గేరు ఆనకట్ట దగ్గర పాడైపోయిన జీపులో దొరికింది. పెద్దది నరసరావుపేటలో లేతు మీద కోయించాను. తీరా చూస్తే ఆ పెద్దది బాక్సులో పట్టలేదు. లోపలి గోడని ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టాను. ఎక్కువ రుద్దితే చిల్లు పడుతుంది, తక్కువైతే గేరు తగులుతుంది. రుద్దడం, గేరు పెట్టి చూడడం, మళ్ళీ రుద్దడం. నాలుగు రోజులు పట్టింది.

డ్యూటీ అయ్యాక రోజూ వచ్చి చూసేది దయామణి.

"ఇంకా అక్కడే ఉన్నావా కృపావరం? ఈ లోపల ఒక కాన్పు చేసి వచ్చా నేను."

"నిదానం వచ్చే పని నిదానంగానే చెయ్యాలండీ."

మూడో రోజు పెద్ద వాన. రేకుల మీద చప్పుడుకి మాటలు వినపడక ఇద్దరం ఊరుకున్నాం. ఆమె లాంతరు పట్టుకుంది, నేను రుద్దాను. ఒకసారి తలెత్తితే ఆమె బాక్సులోకి కాదు, నా వంకే చూస్తోంది. వాన తగ్గితే బాగుండునని నాకు అనిపించలేదు.

"నువ్వు అందరికీ మావయ్యో బాబాయో వరస కలుపుతావుగా, మా నాయన్నొక్కణ్ణే డ్రైవరుగారంటావేంది?" అంది వెళ్ళబోతూ.

నేను నోరు తెరిచేలోగా చీరకొంగు తల మీద కప్పుకుని వెళ్ళిపోయింది. నవ్వుతూ వెళ్ళిందనే అనుకుంటున్నాను.

గురువారం అబ్రహాముగారు స్వయంగా జీపెక్కారు. నెహెమ్యాగారు స్టీరింగు పట్టుకున్నారు. గుట్ట మొదట్లో పొట్టి రాడ్డు వెయ్యమన్నాను. ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది, చక్రాలు మాత్రం ఒక్కొక్క రాయినీ పలకరించి కదులుతున్నాయి. దయామణి దిగి పక్కన నడిచింది, నేనూ దిగాను.

"నీ జీపు కన్నా నేనే ముందున్నా చూడు!"

"అదే కదండీ నాకు కావాల్సింది."

జీపు ఎక్కడా ఆగలేదు, జారలేదు. పైన తండా కనపడేసరికి ఆమె ఒక్క క్షణం నా మోచెయ్యి పట్టుకుని వదిలింది. దిగేటప్పుడు కూడా బ్రేకు తొక్కే పని లేకుండా ఇంజనే బండిని పట్టి దించింది.

అక్కడ చెప్పాల్సింది ఒకటుంది. నేను చెప్పలేదు.

గుట్ట దిగాక నెహెమ్యాగారికి హుషారొచ్చింది. పాతికేళ్ళ సర్వీసులో అంత బలమైన బండి నడపలేదాయన. పొట్టి రాడ్డు తియ్యకుండా అలాగే రాతిరోడ్డెక్కి, మాచర్ల బజారంతా చూడాలని సందు సందూ తిప్పారు. మనిషి నడకన పెళ్ళి ఊరేగింపులా సాగి, ఆసుపత్రి గేటు ముందుకొచ్చేసరికి బండి బిగుసుకుపోయింది. రాడ్డు లాగితే రాదు. ఇద్దరు పట్టి లాగినా రాలేదు.

"సమ్మెట తెస్తా" అన్నాడు వెనకే వచ్చిన గుంపులో ఒకడు.

అబ్రహాముగారు దిగారు. "నెహెమ్యా, ఆసుపత్రి బండిని విరగ్గొట్టావు. ఈ తమాషాలు చాలు. ట్రిప్పు లేదు, ఏం లేదు."

నెహెమ్యాగారి మొహం పాలిపోయింది. అంతమందిలో ఆయన తల దించుకోవడం నేను చూడలేకపోయాను.

"తప్పు ఆయనది కాదండీ, నాది. ముందు చక్రాలూ వెనక చక్రాలూ మలుపులో తలా ఒక పక్క లాగుతాయి. మట్టిలో అయితే జారి సర్దుకుంటాయి. రాతిరోడ్డు మీద బిగుసుకుంటాయి. గుట్ట దిగంగానే రాడ్డు తియ్యమని చెప్పాల్సింది. మర్చిపోయాను."

"అంత ముఖ్యమైన సంగతి ఎట్లా మర్చిపోతావయ్యా?" అన్నారు అబ్రహాముగారు.

అబద్ధం ఒక్కటీ నోటికి రాలేదు. "దయామణిగారిని చూస్తా ఉండిపోయానండీ."

నెహెమ్యాగారు జీపు దిగారు. కొడతారనే అనుకున్నాను.

"ఏం చేస్తే ఊడుద్దది?" అడిగింది దయామణి. చెవులు ఎర్రబడ్డాయి గానీ చూపు జీపు మీదే ఉంది.

"పది అడుగులు వెనక్కి పోనిస్తే చాలు."

ఆమె వెళ్ళి డ్రైవరు సీట్లో కూచుంది. ఎప్పుడో నాన్న నేర్పిన డ్రైవింగేనట. రివర్సు వేసి మెల్లగా వెనక్కి పోనిచ్చింది. ఎక్కడో లోపల టక్కుమంది. ఒంటి చేత్తో లాగితే పొట్టి రాడ్డు వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది.

అబ్రహాముగారు టోపీ సర్దుకున్నారు. "వచ్చే గురువారం మందులు రెండు పెట్టెలు తీసుకెళ్ళండి" అని లోపలికి వెళ్ళిపోయారు.

నెహెమ్యాగారు కూతురి వంక చూశారు. ఆమె స్టీరింగు వదల్లేదు, తల దించుకోనూ లేదు. తరవాత నా మెడలో జపమాల వంక చూసి, ఈసారి మొహం తిప్పుకోలేదు.

"పెళ్ళి మాత్రం మా గుళ్ళోనే" అన్నారు.

"మా అమ్మని ఒప్పించాలి డ్రైవరుగారూ, కొంచెం టైమివ్వండి."

"ఒప్పించు, నేనూ వస్తాలే మాట్లాడతానికి. అయినా ఇంకా డ్రైవరుగారేందిరా? మావయ్యా అనలేవూ?"

జీపులోంచి దయామణి నవ్వింది. వరస సంగతి మాచర్లలో తెలియనిది ఆమె ఒక్కదానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అందరికన్నా ముందు తెలిసింది ఆమెకేనట.