పచ్చ బటన్

బుక్కరాయసముద్రం దాటి తాడిపత్రి దారిలో కాస్త ముందుకు పోతే ఎడమ పక్కన రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తుంది. ముందు తుప్పు పట్టిన మోటార్లు, ఎండిపోయిన బోర్లలోంచి పైకి లాగిన పైపులు. అదే రామాంజులు మోటారు వైండింగ్ షాపు. కాలిన మోటారు తెచ్చి పడేస్తే రెండు రోజుల్లో ప్రాణం పోసి పంపుతాడని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. నోరు మాత్రం కాస్త ఎక్కువ. "నీళ్లు లేని బోరులో దీన్ని దించి ఉత్త గాలి తాగించినావు గదప్పా, కాలక ఏం చేస్తాది?" అని రైతును రెండు మాటలు అనందే మోటారు మీద చెయ్యి వేయడు.

రెండేళ్లుగా ఆ నోరు కూడా తగ్గింది. చెల్లెలు సుమిత్రమ్మ మొగుడు సుదర్శన్ బోరు దగ్గర కరెంటు కొట్టి పోయినప్పటి నుంచి. పదిహేనేళ్లు ఇద్దరూ కలిసి పనిచేశారు. ఇప్పుడు ఆ ఇంటి బాగోగులన్నీ రామాంజులే చూసుకుంటున్నాడు. మేనకోడలు ఐశ్వర్య డిగ్రీ రెండో ఏడు. కాలేజీ నుంచి నేరుగా షెడ్డుకే వస్తుంది. మామా అని ఆ పిల్ల పిలిచినప్పుడల్లా అతనికి ఒక పక్క సంతోషం, ఇంకో పక్క గుండెలో ముల్లు కదిలినట్టు ఉంటుంది.

ఆ ఏడు ఆషాఢం గాలి మొదలయ్యేసరికి ఆ పిల్లకు రాకెట్ పిచ్చి పట్టింది. ల్యాప్‌టాప్‌లో ఎవరో ఆట ఎక్కించి ఇచ్చారట. అంతరిక్ష నౌకను నేల మీద నుంచి లేపాలి, భూమి చుట్టూ తిప్పాలి, పగలకుండా దించాలి. అందరూ కీబోర్డు మీద ఆడతారు. ఐశ్వర్యకు అది చాలలేదు. నిజం నౌకలో ఉన్నట్టు మీటలు, దీపాలు, బటన్లు ఉండే పలక కావాలంది.

వానలకు కరువు గానీ రామాంజులు షెడ్డులో పాత సామానుకు కరువా! విరిగిన మంచం ప్లైవుడ్డు దొరికింది. రైతులు వదిలేసి పోయిన స్టార్టరు పెట్టెల్లోంచి మీటర్లు, ఎరుపు పసుపు నీలం దీపాలు, గుప్పెడు స్విచ్చులు ఐశ్వర్య ఊడబీకింది. పాత కీబోర్డు విప్పి లోపలి బోర్డుకు సన్న తీగలు అతికించింది. ఇప్పుడు మీట పైకి తోస్తే ఆటలో నౌక రెక్క విచ్చుకుంటుంది. రామాంజులు రంధ్రాలు తొలిచి ఇచ్చాడు.

"ఏం పాపా, చంద్రుడి మీద బోరేస్తావా?"

"ఆడైనా నీళ్లు పడతాయేమో చూస్తాం మామా."

ఒకటే షరతు పెట్టాడతను. పలకకు బ్యాటరీపాటి సన్న కరెంటు తప్ప ఇంటి కరెంటు ఇవ్వకూడదు. ఆ పిల్ల తలూపింది.

షెడ్డు వెనక మూల గోనె సంచులు, టార్పాలిన్ కట్టి చిన్న గది చేసింది. అందులోకి వెళితే మిట్టమధ్యాహ్నం కూడా చిమ్మచీకటి. వార్నిష్ వాసన, గోనె వాసన, ఎలుకల వాసన. ఒకరు లోపల కూర్చుని నౌక నడపాలి, ఇంకొకరు బయట కూర్చుని పుస్తకంలో రాసుకున్న వరస చదవాలి. మాట్లాడుకోవడానికి పాత ల్యాండ్‌లైను రిసీవర్లు రెండు తీసి, మధ్యలో టార్చి బ్యాటరీ పెట్టి తీగ లాగింది.

పలక పైన తెల్ల రంగుతో ఒక మాట రాసింది. చెయ్యి తీసినానని వినేదాకా నొక్కొద్దు.

"ఇదెందుకు పాపా?" అన్నాడు రామాంజులు.

"నాయన తొందరపడినాడు గదా మామా. చెయ్యి తీయకముందే స్విచ్చు వేయ్ అని కేకేసినాడు. నా నౌకలో ఎవరూ అట్ల తొందరపడకూడదు."

సుదర్శన్ తొందరపాటు మనిషని ఊరంతా అనుకుంటుంది. సుమిత్రమ్మ కూడా అదే అనుకుని ఏడుస్తుంది. అందరికీ ఆ మాట చెప్పింది రామాంజులే. ఆ రోజు రైతు ఎర్రిస్వామి తోటలో బోరు నోటి దగ్గర సుదర్శన్ కేబులు అతుకుతున్నాడు. యాభై గజాల దూరంలో స్టార్టరు దగ్గర రామాంజులు నిలబడ్డాడు. వేయ్ బావా అన్నాడు, నేను వేసినా... అని పోలీసులకు చెప్పాడు, చెల్లెలికి చెప్పాడు, శవం మీద పడి ఏడుస్తున్న ఈ పిల్లకూ చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం పలక పూర్తయింది. బయట గాలి మట్టిని ఎత్తి పోస్తోంది. రేకులు దడదడలాడుతున్నాయి. మొదటిసారి మామే నడపాలని ఐశ్వర్య పట్టుబట్టి అతన్ని లోపల కూర్చోబెట్టింది. తను గోనెల అవతల బల్ల దగ్గర కూర్చుంది.

చీకట్లో ల్యాప్‌టాప్ తెర మీద నౌక నిలబడి ఉంది. చుట్టూ చుక్కలు. మూడు దీపాలు మినుకుమంటున్నాయి. బాగా చేసింది పిల్ల, వాళ్ల నాయన చేతి పనితనం వచ్చింది అనుకున్నాడు రామాంజులు. కళ్లు చెమ్మగిల్లాయి.

"ఒకటో మీట," రిసీవరులో ఐశ్వర్య గొంతు.

"వేసినా."

"రెండో మీట."

"వేసినా."

"ఇంగ పచ్చ బటన్ మీద వేలు పెట్టుకో మామా. నేను చెప్పేదాకా నొక్కొద్దు. నొక్కితే నీకొకటి వినిపిస్తాది, భలే ఉంటాది..."

అతను చీకట్లో తడిమాడు. బటన్ దొరికింది. వేలు పెట్టాడు. అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది. ఆ పెచ్చు అతనికి తెలుసు. ఎర్రిస్వామి తోటలోని స్టార్టరు బటన్ అది. ఎవరూ వాడకూడదని ఊడదీసి, అటక మీద గోనెలో చుట్టి దాచాడు.

"పాపా... ఈ బటన్ యాడిది?"

రిసీవరులో గరగరమని చప్పుడు. తర్వాత అదీ ఆగిపోయింది.

తెర మీద అంకెలు మొదలయ్యాయి. ముప్పై. ఇరవై తొమ్మిది...

"పాపా?"

రేకుల మీద గాలి. అంతే. ఆట ఆగేలా లేదు. సున్నాకు ముందు నొక్కకపోతే మొత్తం మొదటి నుంచి చేయాలని ఆ పిల్ల చెప్పింది. వారం రోజుల కష్టం. పిల్ల చిన్నబోతుందేమో. ఇందాకే నొక్కమని చెప్పి ఉంటుంది, గాలికి వినపడలేదేమో... ఇరవై. పంతొమ్మిది...

బొటనవేలు బిగిసింది.

అప్పుడు వాసన వచ్చింది. తడి మట్టి వాసన. నాలుగు నెలలుగా చినుకు లేదు. బోరు తీసినప్పుడు పైకొచ్చే ఆ చల్లని బురద వాసన గోనెల మధ్య నిండింది. రిసీవరు చెవికి చల్లగా తగిలింది. అందులో ఎవరో ఊపిరి తీస్తున్నారు.

పదకొండు. పది...

"ఉండు బావా... ఇంకా చెయ్యి తీయలేదు."

సుదర్శన్ గొంతు.

ఆ మాట అతనికి కొత్త కాదు. ఆ రోజు తోటలో సుదర్శన్ అరిచింది అదే. వేయ్ అనలేదు. ఎప్పుడూ అనలేదు. ఉండమన్నాడు. త్రీఫేజు కరెంటు పోయే టైమయింది, చెట్లు ఎండిపోతున్నాయని ఎర్రిస్వామి నెత్తిన కూర్చున్నాడు, సుదర్శనెప్పుడూ ఇంతే, నానుస్తాడు అని రామాంజులుకు విసుగొచ్చింది. నేను నొక్కేలోగా తీస్తాడులే అనుకున్నాడు. నొక్కాడు.

నాలుగు. మూడు...

వేలు తీశాడు. ఒక్క ఉదుటున లేచాడు. సంచులు చించుకుంటూ బయటికి వచ్చి మెయిన్ స్విచ్చు లాగేశాడు.

బల్ల దగ్గర ఐశ్వర్య లేదు.

"పాపా!"

"ఈడ ఉండా మామా." పలక వెనక నుంచి వచ్చింది గొంతు. గోడకూ ప్లైవుడ్డుకూ మధ్య సందులో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి తీగల మధ్య ఉంది. "రిసీవరు తీగ ఊడిపోయింది. అతుకుతాండా, గాలికి నీ మాట వినపడలేదు. ఏమైంది, అట్లుండావు?"

అతను టార్చి వేసి చూశాడు. వద్దన్న పనే చేసింది పిల్ల. నొక్కగానే నిజం స్టార్టరులా ఠక్కుమనాలని లోపల స్టార్టరులో ఉండే ఇనప స్విచ్చు, కాంటాక్టరు పెట్టి, ఇంటి కరెంటు ఇచ్చింది. బటన్ నొక్కితే కరెంటు వచ్చే కొస మీదే ఆమె మణికట్టు ఆనుకుని ఉంది. తెగిన రిసీవరు తీగ ఆమె వేళ్ల మధ్య వేలాడుతోంది. ఇంకా అతకలేదు.

"తీగ ఎప్పుడు ఊడింది?"

"పచ్చ బటన్ మీద వేలు పెట్టుకోమన్నానే, ఆ వెంటనే."

రామాంజులు అక్కడే కూలబడ్డాడు. పెద్దగా ఏడ్చాడు. ఆ పిల్లను ఇవతలికి లాగి, రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. రెండేళ్లుగా దాచిన మాట బయటికి వచ్చింది.

"మీ నాయన తొందరపడలేదు పాపా. వాడు వేయ్ అనలేదు."

ఐశ్వర్య తలెత్తి చూసింది.

"మరి?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది మొత్తం. నోటి దాకా వచ్చింది. ఆ కళ్లు చూశాక సగమే బయటపడింది.

"నాకేం వినబడలేదు. గాలి... అయిపోయిందేమో అనుకుని నొక్కినా. నాదే తప్పు."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. రెండూ చేయలేదు. చేతులు విడిపించుకుని లేచింది.

"అమ్మ రోజూ నాయన్ని తిట్టుకుంటాది మామా," అంది మెల్లగా. "ఫోటోకు పూలు పెడతా కూడా తిట్టుకుంటాది. నేనూ తిట్టినా."

చున్నీ తల మీద కప్పుకుని దుమ్ములోకి నడిచింది.

రామాంజులు గడప దగ్గర నిలబడి చూశాడు. ఒక్కతే పోతోంది. నడక మాత్రం ఎలాగో ఉంది. ఎడమ చెయ్యి కిందికి వేలాడటం లేదు. పక్కకు, కొంచెం పైకి చాచి ఉంది. చిన్నప్పుడు నాయన చెయ్యి పట్టుకుని సంతకు పోయేటప్పుడు అట్లాగే నడిచేది. రోడ్డు అంచున ఆగింది. తాడిపత్రి బండల లారీ ఒకటి హోరుమని వచ్చింది. ఆ పిల్ల లారీని చూడనే లేదు. ఎవరో వెనక్కి లాగినట్టు రెండడుగులు ఇవతలికి వచ్చి నిలబడింది. లారీ పోయింది.

తర్వాత తల పక్కకు వంచింది. ఏదో వింటున్నట్టు. ఒకసారి తలూపింది. మళ్లీ ఊపింది.

వెనక్కి తిరిగింది.

గేటు దాకా వచ్చి ఆగింది. మొహం మీద దుమ్ము, దాని మీద కన్నీటి చారలు. గొంతులో కోపం లేదు. చిన్నపిల్ల సందేహం అడిగినట్టు అడిగింది.

"మామా... ఉండు బావా అని నాయన రెండుసార్లు అరిచినాడంట, నిజమేనా?"

రెండుసార్లు. నిజమే, కానీ ఆ సంగతి రామాంజులు తన మనసులో కూడా ఎప్పుడూ ఒప్పుకోలేదు.

జవాబు కోసం ఆమె అతని వైపు చూడటం లేదు. ఎడమ పక్కన, తనకంటే జానెడు ఎత్తున, దుమ్ములోకి చూస్తోంది.