నిండుగానే మిగిలిన సీసాలు

పొద్దున్నే వంటగదిలో అమ్మ నీళ్ళ సీసా నింపి మూత బిగించింది. కూతురు వచ్చి, ఆ మూత తీసి, నీళ్ళన్నీ సింకులో ఒంపేసింది. పొగరు కాకపోతే ఏమిటది!

"నీళ్ళు తాగమని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. చెవికెక్కలేదా?"

"ఎక్కింది. అయినా తాగను."

ఇద్దరూ పనిచేసేది ఒకే చొక్కాల కంపెనీలో. తల్లి సూపర్‌వైజరు, కూతురు ఇస్త్రీ బల్ల దగ్గర. పైన రేకులు, చేతిలో ఆవిరి కక్కే ఇస్త్రీపెట్టె. ఎండలు ఏటికేడు ముదురుతున్నా ఆ రేకులు మాత్రం మారలేదు. నిన్న మధ్యాహ్నం పిల్ల బల్ల పక్కనే కుప్పకూలింది. ఇంకోసారి ఇలా పడితే ప్రాణం మీదికే వస్తుందని ఆస్పత్రిలో చెప్పి పంపారు.

"నువ్వు పడిపోయినప్పుడు నీ సీసా నిండుగా ఉంది. నా పరువు తియ్యడానికే తాగలేదు కదూ?"

"తాగితే ఎక్కడికెళ్ళాలి? కంపెనీ బాత్రూమ్ తాళంచెవి నీ నడుముకేగా వేలాడేది!"

గుమ్మం పక్కన కూచున్న తండ్రి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"ఓనరు వెయ్యమన్న తాళం అది. లోపల కూచుని కబుర్లాడుతున్నారని. అడిగితే ఇవ్వట్లేదా?"

"అడిగినవాళ్ళందరికీ ఇస్తావు. నేనడిగితే మాత్రం 'ఆగు, వాళ్ళు వెళ్ళొచ్చాక' అంటావు."

"కూతురికో రూలు, మాకో రూలా అని నలుగురూ నన్ను ఆడిపోసుకోరూ?"

"అందుకని నన్ను ఎండబెట్టావు! పరాయిదైనా జాలిపడేది."

అమ్మ చెయ్యి లేచింది.

"ఏమేవ్!" అన్నాడు తండ్రి, పేపరు దించి. చెయ్యి గాల్లోనే ఆగింది.

"నా సీసా ఒక్కటే చూశావు," కూతురు వదల్లేదు. "సాయంత్రం అందరివీ నిండుగానే ఉంటాయి. నిన్ను అడగాలంటే సిగ్గేసి నోరు కట్టుకుంటున్నారు. రేపు ఇంకొకళ్ళు పడతారు."

ఆ సీసాలు అమ్మ రోజూ చూసినవే. తన దగ్గర ఆడవాళ్ళు మాటిమాటికీ లేవరని ఓనరు ముందు గొప్పలు కూడా పోయింది. నిన్న పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకున్నప్పుడు చూసిన పగిలిన పెదాలు గుర్తొచ్చాయి.

"వెళ్ళగానే ఆ తాళం ఊడదీసి మురిక్కాలవలో పారేస్తా," అంది.

"ఇంకోటి కొనుక్కొస్తాడే!" అన్నాడు తండ్రి.

"దానికి కాపలా కూడా ఇంకోదాన్ని వెతుక్కోమంటా. ఉంటే ఉంటుంది ఉద్యోగం, పోతే పోతుంది."

కూతురు మొహం తిప్పుకునే నిలబడింది. అమ్మ గ్లాసు నింపి చేతిలో పెట్టింది. పిల్ల అలవాటుగా గుక్కెడు తాగి ఆపేసి, బాత్రూమ్ తలుపు వైపు చూసింది.

అమ్మ గ్లాసును మళ్ళీ పిల్ల పెదాల దగ్గరికి జరిపింది. "తాగవే తల్లీ. మనింట్లో తాళం లేదు."

పిల్ల గటగటా తాగేసింది. అమ్మ వైపు చూడకుండానే ఖాళీ గ్లాసు ముందుకు చాచింది.

"ఇంకాస్త పొయ్యి."