కొత్త ప్రశ్నల జల్లెడ

2081 నాటికి గ్రంధి రత్నాజీ చేతిలో ఉన్నవి మూడు. గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టు, తొంభై లక్షల మంది మాట్లాడుకునే ‘మాటామంతి’ అనే చర్చావేదిక, దాన్ని నమ్ముకున్న ఆరువందల మంది ఉద్యోగులు. కొట్టు నడుస్తోంది. వేదిక ఖాళీ అవుతోంది.

ఆ రోజుల్లో చర్చకు తెరతో పనిలేదు. చెవి వెనక మెంతిగింజంత పూస పెట్టుకుంటే చాలు, బస్సులో ఉన్నా వంటింట్లో ఉన్నా వేదిక మీది మాటలు వినపడేవి. ఒకే మాట వెయ్యి మంది అంటే వెయ్యి గొంతులూ కలిసి హోరుగా వచ్చేవి. వచ్చేవి మాత్రం ఎప్పుడూ అవే ప్రశ్నలు. దేవుడుంటే దుఃఖం ఎందుకుంది? మనసంటే మెదడేనా? ఐదుగురిని కాపాడటానికి ఒకణ్ణి చంపవచ్చా? ఈ చివరిది ఆ ఒక్క ఏడాదిలో రెండు లక్షల పదకొండు వేలసార్లు వచ్చింది. “మళ్ళీ మొదలెట్టాడ్రా బాబూ” అంటూ జనం పూసలు తీసి జేబులో వేసుకున్నారు. తిరిగి పెట్టుకున్నవాళ్ళు తక్కువ.

రత్నాజీ డాక్టర్ మెహరున్నీసాను పిలిపించాడు. ఆమె భాషాయంత్రాల శాస్త్రవేత్త. మాట తక్కువ, టీ ఎక్కువ.

“యార్డుకి లక్ష బస్తాలొస్తయ్ డాక్టరమ్మా. అన్నీ విప్పుతామా? గుప్పెడు మచ్చు తీస్తాం, లాటంతా తెలిసిపోద్ది. ప్రశ్నలకీ అట్టా మచ్చు తీసే మిషను కావాల.”

“మిరపకాయలు మాట్లాడవండీ, రత్నాజీ గారూ.”

“వాటిలో నాకు నచ్చింది అదేనమ్మా.”

ఆమె నవ్వి, ఎనిమిది నెలల్లో జల్లెడను తయారుచేసింది. దాని సూత్రం కష్టమైంది కాదు. ప్రతి వాక్యం నుంచీ పదాలను ఒలిచేసి, మిగిలిన అర్థానికి ఒక గుర్తు వేస్తుంది. దానికి ఆమె పెట్టిన పేరు అర్థముద్ర. భాష మారినా యాస మారినా ముద్ర మారదు. ముద్ర పాతదైతే ప్రశ్న వేదికెక్కదు; అంతకుముందు ఎవరెవరో చెప్పిన సమాధానాల కట్ట అడిగినవాడి చెవిలోకి పోతుంది. ప్రశ్నలో కొత్త సంగతి ఉంటేనే ముద్ర మారుతుంది. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది, వేదికంతా వింటుంది.

నెల తిరిగేసరికి జనం వెనక్కి వచ్చారు. వచ్చి, జవాబులూ ఒకేలా ఉంటున్నాయని గొణిగారు. రత్నాజీ జవాబులను కూడా జల్లెడలో పోయించాడు. ఇక వెయ్యి మంది ఒకే మాట అంటే, అందరికన్నా ముందు అన్నవాడి గొంతు ఒక్కటే వినపడుతుంది. హోరు పోయింది. వేదిక శుభ్రపడింది.

ఆ వారంలోనే కార్యాలయానికి ఒక ఫోను వచ్చింది. రత్నాజీయే తీశాడు.

“షావుకారు గారూ, నేను దయాకర్నండీ. సముద్రపు కట్ట మీద ఏడో లాకుకి లస్కర్ని, నీళ్ళు వదిలే మీటలు చూసుకునేవాణ్ణి. నా ప్రశ్నని మీ మిషను రానీట్లేదండీ.”

“ఓ, ఆ దయాకర్‌వా! ఐదుగురూ, ఒకడూ. అదేగా? నాలుగు వేల సమాధానాలు పంపాం గదయ్యా నీకు!”

“అయ్యి ఎవరికో చెప్పినయ్యండీ. నాతో చెప్పినయ్యి కాదు. ఈడ ఉప్పుమళ్ళ మధ్య రోజుకి పన్నెండు గంటలు ఒక్కణ్ణే ఉంటానండీ.”

“ఆరేళ్ళుగా అదే సరుకు తెస్తే ఎవరు చూస్తారు? కొత్త సంగతి పట్టుకురా. తలుపు దానంతటదే తెరుచుకుంటది.”

“అంతేనంటారా?”

“అంతే.”

“సరేనండి” అన్నాడు దయాకర్.

ఎరుపుకు రేటు కడితే కాయకు రంగు పూసేవాడు పుడతాడని, ముప్పై ఏళ్ళు యార్డులో తిరిగిన రత్నాజీకి తెలియనిది కాదు. ఆ పూట గుర్తు రాలేదు.

నాలుగు వారాల తర్వాత, పొద్దున పదిన్నరకు, తొంభై లక్షల చెవుల్లో అదే గొంతు పలికింది.

“ఏడో లాకు నుంచి దయాకర్ని. పూడిక తీయటానికి ఎడం గదిలోకి ఐదుగురు దిగారు, కుడి గదిలోకి ఒకడు. నిచ్చెనలు నేనే పైకి లాగేశా. పదకొండు నిమిషాల్లో పోటు. నీళ్ళు ఏదో ఒక గదిలోకి వదలాల, లేకపోతే కట్ట తెగుద్ది. ఏ మీట నొక్కమంటారు?”

“ముద్ర కొత్తది” అంది జల్లెడ. “తలుపు తెరిచాను.”

రత్నాజీ పోలీసులకు ఫోను చేశాడు. ఎంత తొందరగా వెళ్ళినా పాతిక నిమిషాలు పడుతుందన్నారు. లాకుకు ఫోను చేస్తే దయాకర్ ఎత్తలేదు. అతనికి వినపడే దారి ఇక పూస ఒక్కటే. మెహరున్నీసా లెక్కలు చూపే తెరకు అతుక్కుపోయింది.

“ఇరవై ఆరు లక్షల మంది ఒకే మాట అంటున్నారు. నిచ్చెనలు దించమని. అతనికి ఒక్కటే చేరింది. ఎవరో ఆవిడ గొంతు, వెనకాల కుక్కర్ కూత.”

“చేరిందిగా?”

“చేరింది. దాని తర్వాత నలభై ఒక్క వాదనలు చేరాయి. ఇంకా చేరుతున్నాయి. దేనికదే కొత్తది.”

నిజంగానే కొత్తవి. ఆ ఒక్కడి వయసెంత అని ఒకరు. ఐదుగురిలో ఇంతకుముందు ఎవరినైనా చంపినవాడుంటే లెక్క మారదా అని మరొకరు. మీట నొక్కకపోవడం కూడా నొక్కడమేనని ఇంకొకరు, చాలా చక్కగా.

“జల్లెడ ఆపండి, రత్నాజీ గారూ. హోరు వెళ్ళనీండి. తాళం మీ దగ్గరుంది.”

“హోరు పెడితే అతనికి ఏమీ వినపడదమ్మా. మంచి మాట ఎవరన్నా చెప్తే అదీ కొట్టుకుపోద్ది. అదే మాట ఇరవై లక్షలసార్లు వింటే మాత్రం కొత్తగా తెలిసేదేముంది?”

ఆమె కళ్ళెత్తి అతన్ని చూసింది, మళ్ళీ తెరవైపు తిరిగింది. ఎనిమిది నిమిషాలు. తొమ్మిది. రత్నాజీ పదో నిమిషంలో తాళం వైపు చెయ్యి చాచాడు.

చెవిలో దయాకర్ గొంతు, తృప్తిగా: “అరవై ఏడో ఆయన చెప్పింది బాగుందండీ. కుడి మీట నొక్కుతున్నా.”

కుడి గదిలో ఉన్నవాడు కొక్కిలిగడ్డ మరియన్న. వయసు ముప్పై ఒకటి.

నిచ్చెనలు దించమని చెప్పారు కదా, ఎందుకు దించలేదని సాయంత్రం పోలీసులు దయాకర్‌ను అడిగారు. “ఆ మాటన్నది ఒక్కరేనండీ” అన్నాడు అతను.

మర్నాడు ఉదయం మెహరున్నీసా రాలేదు. రత్నాజీ ఒక్కడే కూర్చుని ఏం పోయిందో, ఏం వచ్చిందో చూసుకున్నాడు. పోయింది ఒక మనిషి. వచ్చినవారు, ఒక్క రోజులో, పదకొండు లక్షల మంది కొత్త సభ్యులు. జల్లెడ తలుపు దగ్గర ‘ఐదుగురూ, ఒకడూ’ లాంటి ప్రశ్నలే నలభై మూడు తమ వంతు కోసం నిలబడి ఉన్నాయి.

“వాటిలో పాతవెన్ని?” అని అడిగాడు.

“ఒక్కటీ లేదు” అంది జల్లెడ. “నలభై మూడూ కొత్తవే.”