హాజరు పలికిన గొంతు

డెంగీ జ్వరంతో నెల రోజులు మంచం పట్టి కాలేజీకి తిరిగొస్తే ఎవరికైనా స్నేహితులు ఎదురొస్తారు. లిఖితకు మాత్రం తన గొంతే ఎదురొచ్చింది.

తెనాలిలో ఆ మధ్యాహ్నం ముసురు పట్టి, పట్టపగలే లైట్లు వేసుకునేంత చీకటిగా ఉంది. పాలిటెక్నిక్ కంప్యూటర్ ల్యాబు గుమ్మంలో లిఖిత గొడుగు మూస్తోంది. లోపల దేవసహాయం సార్ రిజిస్టరులోంచి తలెత్తకుండా పేర్లు పిలుస్తున్నారు.

“లిఖిత!”

“ప్రెజెంట్ సార్.”

లిఖిత నోరు తెరవనే లేదు. ఆ మాట కిటికీ పక్కన, తను రోజూ కూర్చునే చోటు నుంచి వచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంది. గొంతు తనదే, చివర కాస్త సాగదీయడం కూడా తనదే. ఒళ్ళు జలదరించింది. ఆస్పత్రి నుంచి నిజంగా తిరిగొచ్చానా అనుకుని తన చెయ్యి తనే గిల్లుకుంది. నొప్పి పుట్టింది కానీ భయం తగ్గలేదు.

“ప్రెజెంట్ సార్,” అంది గుమ్మంలోంచే.

క్లాసంతా బిగుసుకుపోయింది. సార్ ఖాళీ కుర్చీనీ గుమ్మాన్నీ మార్చి మార్చి చూశారు.

“మీ ఇద్దరిలో ఉద్యోగంలో చేరేది ఎవరమ్మా?”

నవ్వాలో భయపడాలో ఎవరికీ తెలియలేదు. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో లిఖితకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. హాజరు చాలకపోతే ఫైనల్ పరీక్ష రాయనివ్వరు. డిప్లొమా లేకపోతే ఆ ఉద్యోగమూ ఉండదు.

వెనక నుంచి దీపక్ లేచాడు. రేపల్లె కుర్రాడు, క్లాసులో కంప్యూటర్ల పిచ్చోడు.

“నేనే సార్. సెమినార్లో తను మాట్లాడిన రికార్డింగుతో ఆ గొంతు తయారుచేశాను. కొన్నాళ్ళుగా మీరు పేరు పిలవగానే తన సీటు దగ్గరి కంప్యూటరే పలుకుతోందండి.”

“ఆ హాజరంతా కొట్టేయండి సార్,” అంది లిఖిత వెంటనే. “నేను రాలేదు. డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చానండి.”

“జబ్బుకి మినహాయింపు ఉంటుందిలేమ్మా. ప్రిన్సిపాల్ గారితో నేను మాట్లాడతాను, పరీక్ష రాద్దువుగాని.” సార్ దీపక్ వైపు తిరిగారు. “నువ్వు మాత్రం రేపు మీ నాన్నగారిని తీసుకురా.”

క్లాసయ్యాక ల్యాబులో ఇద్దరే మిగిలారు. ఫ్యాను గాలికో దేనికో ఆ ఖాళీ కుర్చీ కొంచెం ఇటు తిరిగింది.

“నా గొంతు దొంగిలించడానికి సిగ్గులేదూ?”

“తప్పే. నీ ఉద్యోగం పోతుందేమోనని... అదొక్కటే కాదు. సార్ నీ పేరు పిలిస్తే ఎవరూ పలికేవాళ్ళు కాదు. ఆ నిశ్శబ్దం నావల్ల కాలేదు.”

లిఖిత కోపం సగం కరిగింది. మిగతా సగాన్ని గట్టిగా పట్టుకుని, “ఇంకేం పలికించావు దీనిచేత?” అంది.

దీపక్ తెల్లబోయాడు. లిఖిత మౌస్ అందుకుంది. తెర మీద రెండో రికార్డింగు కనబడితే నొక్కింది.

“దీపక్, నువ్వంటే నాకిష్టం.”

తన గొంతే. జ్వరంలో పడుకుని తనలో తను అనుకున్న మాట, ఎవరికీ చెప్పని మాట. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

“ఒక్కసారే విన్నాను,” అన్నాడు దీపక్ తలదించుకుని. “నువ్వు అనలేదుగా. సిగ్గేసింది.”

“తీసెయ్. రెండూ.”

తీసేశాడు. స్పీకరు గరగరమని ఆగిపోయింది.

“అయినా నేనైతే అలా అననే అనను,” అంది లిఖిత.

“మరెలా అంటావు?”

లిఖిత గొడుగు తీసుకుని గుమ్మం దాకా నడిచి ఆగింది. బుగ్గలు వేడెక్కాయి.

“సాయంత్రం రేపల్లె బండిలో జనం ఎక్కువ. నేను వేమూరులో దిగేదాకా నీ పక్కన సీటు ఆపు. రేపూ ఆపు, ఎల్లుండీ ఆపు. నేను హైదరాబాదు వెళ్ళాక మాత్రం, ఉద్యోగం చూసుకుని నువ్వే వచ్చెయ్.”