ఎర్ర టేపు, నీలం టేపు

సివిక్ సెంటర్‌లో ఆఫీసు మెట్లెక్కి వచ్చిన పద్మశ్రీ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఒక కాలి చెప్పు దారిలోనే జారిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు.

“దీదీ, సాయంత్రానికి మా నాన్నని అరెస్టు చేస్తారంట. ఆయన గల్తీ ఏమీ లేదు. మీరు అభీ, ఇప్పుడే రావాలి!”

ప్రైవేటు డిటెక్టివ్ హైమవతి టీ గ్లాసు సగంలోనే పక్కన పెట్టింది. ఆమె సహాయకుడు రాజగోపాల్ అప్పుడే బైకు తాళాలు అందుకున్నాడు. టీ వదిలిందంటే మేడమ్ కేసు పట్టినట్టేనని అతని నమ్మకం. ఆవిడ మీద అతనికున్న నమ్మకాలకు లెక్కలేదు లెండి.

పద్మశ్రీ తండ్రి పోలయ్య ఖుర్సీపార్‌లో కార్ల మెకానిక్. స్టీలు ప్లాంటులో రిటైరైన అప్పలసూరి అనే కార్మికుడి పాత కారుకు పెట్రోలు పైపు, ఆవిరి పైపు తుప్పు పట్టిపోతే, ఆయన ఇంటి ఆవరణలోనే రెండూ మార్చి, నిన్న మధ్యాహ్నం అప్పగించాడు. ఈ ఉదయం అప్పలసూరి కొడుకు మనోజ్‌కుమార్ ఆ కారులో కుమ్హారి అనే ఊరికి బయలుదేరాడు. వీధి మలుపు దాటకముందే ఇంజను దగ్గర మంటలు లేచాయి. చుట్టుపక్కలవాళ్ళు ఇసుక పోసి ఆర్పారు గాని, బానెట్ ఎత్తబోయిన మనోజ్ రెండు చేతులూ కాలిపోయాయి. వేళ్ళు దక్కుతాయో లేదో డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు.

అప్పలసూరి ఇంటి ఆవరణలోకి వెనక్కి నెట్టుకొచ్చిన మసిబారిన కారు పక్కన పోలయ్య నేల మీద కూలబడి ఉన్నాడు. ఎస్సై గడియారం చూసుకుంటున్నాడు.

“ఏం చేశావో వరసగా చెప్పు,” అంది హైమవతి.

“బేటరీ తీగ ఊడదీసినానమ్మా. టేంకు మూత ఇప్పి పైపుల్లో పెజరు వదిలించినాను. ఇసక బకెట్టు పక్కనెట్టుకున్నాను. కొత్త పైపులు బిగించినాక బండి అరగంట నడిపి, నట్ల కింద కాయితం పరిచినాను. బొట్టు పడనేదు. తులసమ్మత్తనే అడగండి.”

“కాయితం పొడిగానే ఉందమ్మా, నాను చూసినాను,” అంది అప్పలసూరి భార్య తులసమ్మ. భర్త ఉరిమి చూసేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పైపుల నట్ల పక్కన ఈ రంగు టేపులేమిటి?” అని అడిగింది హైమవతి.

“గుర్తుకండి. ఎర్రది పెట్రోలు పైపు. నీలంది ఆవిరి పైపు, టేంకులో లేచిన ఆవిరిని ఇంజనుకి పట్టుకెల్తాది. రెండూ ఒకలాగే ఉంటాయి. రేపు ఇంకెవడైనా ఇప్పితే తారుమారు చేసీకుండా అంటించినాను.”

అప్పలసూరి ముందుకు వచ్చాడు. ఎండిపోయిన పెద్ద మనిషి. కోపం తప్ప ఒంట్లో ఇంకేమీ మిగిలినట్టు లేదు.

“ముప్పై నాలుగేళ్ళు ప్లాంటులో గేసు కటింగు సేసినోణ్ణి. నా సేతిలో ఒక్క తప్పు జరగనేదు. ఈడు నా కొడుకు సేతులు కాల్చీసినాడు!”

“మీరు బానెట్ ఎత్తారా?”

“నానెందుకెత్తుతాను?” అంటూ ఆయన గేటు వైపు తిరిగాడు.

కారును ముట్టుకునే అవకాశం ఇంకొకరికి కూడా ఉంది. క్యాంప్ 2 పేటలో కార్ల రిపేరు షెడ్డు నడిపే రవికాంత్ నిన్న సాయంత్రం వచ్చి, పోలయ్య పనికి వంకలు పెట్టి పోయాడు. ఎస్సై అతన్ని కూడా పిలిపించాడు.

“చూశానంతే దీదీ. ఛువా భీ నహీ, చెయ్యి కూడా వెయ్యలేదు!” అన్నాడు రవికాంత్. రాజగోపాల్ అతని పేరు కింద రెండు గీతలు గీశాడు.

హైమవతి ఇంజను మీదికి వంగింది. టేపులు ఒక వైపు కాలినా, అడుగున రంగు మిగిలే ఉంది. ఎర్ర టేపు పక్క నట్టు వేలితో తిప్పితే తిరిగింది. నీలం టేపు పక్క నట్టు పోలయ్య పానాకు కూడా లొంగలేదు. రెండింటి అంచులూ ఒకే తీరున కొత్తగా గీరుకుపోయి మెరుస్తున్నాయి.

ఆవిడ అందరినీ కారు చుట్టూ నిలబెట్టింది.

“నిన్న కాగితం పొడిగా ఉందంటే, పోలయ్య వెళ్ళాకే ఈ రెండు నట్లనూ ఎవరో పానాతో తిప్పారు. పగతో వచ్చినవాడు ఒక నట్టు వదులు చేసి, రెండోదాన్ని ఊడిరాకుండా బిగించడు. అంటే ఆ మనిషి రెండూ బిగిస్తున్నాననే అనుకున్నాడు. నీలందాన్ని కుడికి తిప్పాడు, బిగిసింది. ఎర్రదాన్ని ఎడమకి తిప్పాడు, వదులైంది.”

“గాడీలో ఉల్టా మర ఎక్కడుంటుంది దీదీ?” అన్నాడు రవికాంత్.

“ఉండదు. కారు మెకానిక్ ఎవరూ ఆ పొరపాటు చెయ్యరు, నువ్వు కూడా. కాని గ్యాస్ మంటతో ఇనుము కోసే కటింగు సెట్టులో ఉంటుంది. ఆక్సిజన్ గొట్టం నీలం, మండే గ్యాసు గొట్టం ఎర్రది. ఒకదాని చోట ఇంకొకటి తగిలించకుండా ఎర్రదాని మర తిరగేసి పెడతారు. అది ఎడమకే బిగుస్తుంది. మండే పైపు, పైన ఎర్ర గుర్తు. చూడగానే ముప్పై నాలుగేళ్ళ అలవాటు ఏం చెబుతుంది?”

రాజగోపాల్ కలం ఆగిపోయింది. గీసిన రెండు గీతలు చూసుకుని సిగ్గుపడ్డాడు.

“చూసినవాళ్ళు లేరు అప్పలసూరిగారూ,” హైమవతి గొంతు తగ్గించింది. “మీరు కాదంటే నేను ఇంకేమీ చెయ్యలేను. ఎస్సైగారు పోలయ్యను తీసుకుపోతారు.”

పద్మశ్రీ తండ్రి భుజం గట్టిగా పట్టుకుంది. ముసలాయన తన కుడి చేతి వంక చాలాసేపు చూశాడు. ఇన్ని గంటలుగా ఆయన పోలయ్య మీద పెంచుకున్న కోపమంతా ఇప్పుడు ఎటు పోవాలో తెలియక ఆ ముఖంలోనే తిరుగుతోంది. చూడ్డానికే భయం వేసింది.

“పొద్దున్న పెట్రోలు వాసనేసింది, నిన్న పైపులు మార్చినప్పుడు ఒలికిందేమో,” అన్నాడు చివరికి. “కొడుకు దూరం ఎల్తన్నాడు గదా అని రెండూ బిగించినాను. బిగించినాననే అనుకున్నాను తల్లీ. ముట్టుకున్నానని సెప్తే ఈడు తప్పించుకుంటాడని సెప్పనేదు.” ఎస్సై వైపు తిరిగాడు. “రాసుకోండి బాబూ. నట్టు తిప్పింది నానే.”

తులసమ్మ గోడకు జారగిలబడి ఏడ్చింది. ఎస్సై పోలయ్యను లెమ్మన్నాడు. పోలయ్య లేచాడు గాని ఇంటి దారి పట్టలేదు.

“మావోడికి ఎవుడు సెప్తాడు?” అన్నాడు అప్పలసూరి. “ఆడి సేతులు నానే కాల్చినానని ఎవుడు సెప్తాడు?”

“నువ్వే సెప్పాల మావా,” అన్నాడు పోలయ్య. “పద. నాను నీ పక్కన నిలబడతాను.”