వెనక ఎడమ తలుపు

రండి, రండి. హారతి కళ్ళకద్దుకున్నారు కదా, ప్రసాదం దొన్నెలు పట్టుకుని ఇలా దగ్గరికి జరగండి. గుమ్మం పక్కన మూటతో కూర్చున్న తల్లీ, నువ్వూ ముందుకు రా. వెనక కూర్చున్నవాళ్ళు నాకు సరిగా కనపడరు. ఈ కథ తెలిసిన నాటి నుంచీ వెనకాల ఎవరైనా కూర్చుంటే నా ఒళ్ళు కుదురుగా ఉండదు. దీపం వత్తి కాస్త ఎగదొయ్యండి. ఆఁ, చాలు. అమ్మవారు చూస్తూనే ఉంది. భయపడండి గానీ బెంగపడకండి.

మన భవానీపూర్‌లో మెట్రో కోసం రోడ్డంతా తవ్విపోసిన రోజులవి. త్యాగరాజు అని ఒక బ్యాంకు ఆఫీసరు, అమలాపురం దగ్గరి మనిషి, భార్య మంగాదేవితో బదిలీ మీద ఇక్కడికి వచ్చాడు. వచ్చిన ఏడే ఆమెకు నెలలు నిండాయి. నొప్పులొచ్చిన రోజు కుండపోత వాన. సందులో మోకాలి లోతు నీళ్ళు, వీధి చివర మెట్రో గొయ్యి. టాక్సీవాడు ఒక్కడూ లోపలికి రానన్నాడు. చివరికి చేతిరిక్షా దొరికింది. ఆసుపత్రి చేరేసరికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

రెండేళ్ళకి మళ్ళీ కడుపు పండింది. ఈసారి అరగంట ఆలస్యమైనా తల్లి ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ త్యాగరాజుని పక్కకి పిలిచి చెప్పింది. ఆ మాట అతను భార్యకి చెప్పలేదు. కారు కొంటానని మాత్రం చెప్పాడు.

కారు నడపడం వచ్చు గానీ, జన్మలో సైకిలు తప్ప సొంత వాహనం లేని మనిషి. కొత్త కారుకి పేరు రాయించుకుంటే అది వచ్చేసరికి పుట్టబోయే పిల్ల బడికి వెళుతుంది. అంచేత పాత కారు చూసుకోవాలి. నాన్నల కాలం నాటిదైనా ఫరవాలేదు, గట్టిగా ఉండాలి, జీతానికి అందాలి.

తోడు సూరన్నని తీసుకెళ్ళాడు. కార్పొరేషన్ గరాజులో చెత్త లారీలు బాగుచేసే మేస్త్రీ అతను. తాతలనాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ముక్క ఉండేది. దాన్ని కారు ఒంటికి ఆనించి చూసేవాడు. అంటుకుంటే ఇనుము, జారిపోతే రంగు కింద లప్పం. లిలువా పేటలో మొదట చూసిన కారుకి అది ఎక్కడా నిలవలేదు. పైగా కాళ్ళు పెట్టుకునే చోట నేల చివికిపోయి కింద రోడ్డు కనపడింది. దీనికి బ్రేకు అక్కర్లేదు, కాలు కింద పెట్టి ఆపుకోవచ్చని సూరన్న నవ్వాడు.

త్యాగరాజుకి ఒక అలవాటుంది. మీలో గోదావరి వాళ్ళుంటే నవ్వుకోకండి. మనిషి ఎదురుపడితే చాలు, "మీరూ రండి" అనేవాడు. విస్తరి ముందు కూర్చుంటే పోస్టుమాన్‌నీ భోజనానికి రమ్మనేవాడు. ట్రాములో సీటు దొరికితే కండక్టర్ని కూర్చోమంటాడని సూరన్న నలుగురిలో వెక్కిరించేవాడు. వచ్చినా రాకపోయినా పిలవడం మర్యాద కదా. ఆ మర్యాదే... సరే, అక్కడికి వస్తాను.

చైత్రమాసం చివర, ఒక సాయంత్రం నాలుగున్నరకి, ఖిదిర్‌పూర్ ఓడరేవు వెనక ఒక పాత మేడకి వెళ్ళారు. ఇంటాయన పేరు ఘోషాల్. యాభై దగ్గరపడిన మనిషి. పోర్టికోలో లేత ఆకుపచ్చ మోరిస్ కారు. ముప్పై ఏళ్ళ నాటిదంటే నమ్మరు. అయస్కాంతం ఎక్కడ పెట్టినా అతుక్కుంది. ఇంజను నూనె తేనెలా ఉంది. స్టార్టు చేస్తే కుట్టుమిషనులా ఆడింది. ధర మాత్రం లిలువా తుప్పుకారు కన్నా తక్కువ.

సూరన్న బానెట్ దించి, చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "బండి మంచిదే బాబూ. అందుకే నాకు నచ్చనేదు."

త్యాగరాజు మనసులోనూ అదే మెదులుతోంది. ఘోషాల్ వరండా మెట్టు దిగడం లేదు. తాళంచెవి చేతికివ్వలేదు, పిట్టగోడ మీద పెట్టి వెనక్కి జరిగాడు. కారు వెనక సీటు కుడివైపు కొత్తగా ఉబ్బెత్తుగా ఉంది. ఎడమవైపు మాత్రం ఒక మనిషి కూర్చున్నంత మేర గుంట. అద్దాలన్నీ దించే ఉన్నా లోపల తడిసిన గోనె వాసన, దాని అడుగున కర్పూరం వాసన. ఆ ఎడమ తలుపుకి లోపలివైపు పిడి లేదు. విరగలేదు... ఎవరో మరలు విప్పి తీశారు. రంధ్రాల మీద తోలుముక్క అంటించారు. బయటి పిడి శుభ్రంగా ఉంది.

"వదులైంది, తీయించాను," అన్నాడు ఘోషాల్, వాళ్ళు అడక్కముందే.

మెట్ల పక్కన, కారుకి దాదాపు ఆనుకుని, ఒక ముసలావిడ కూర్చుని ఉంది. తెల్లచీర. ఒళ్ళో చిన్న గుడ్డమూట. ఎక్కడికో బయల్దేరినట్టుంది. ఇంటాయన తల్లి కాబోలు అనుకున్నాడు త్యాగరాజు.

ఓడరేవు వంతెన దాకా నడిపి చూసి రమ్మన్నాడు ఘోషాల్. తను మాత్రం రానన్నాడు. ముక్కూమొహం తెలియని వాళ్ళకి కారు అప్పగించి ఇంట్లో కూర్చునేదెవరు? అలా అనుకుంటూనే త్యాగరాజు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ముసలావిడ తలెత్తి అతన్నే చూసింది. చూస్తే మన మనిషి నోరు ఊరుకుంటుందా? వచ్చీరాని బంగ్లా భాషలో, నవ్వుతూ, "ఆశున్ మా" అన్నాడు. మీరూ రండమ్మా అని.

"ఎవర్ని పిలిచారు?" అన్నాడు ఘోషాల్.

"మీ అమ్మగార్ని," అని చెయ్యి చూపించబోయాడు. మెట్ల పక్కన ఎవరూ లేరు. ఘోషాల్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు బయటికి వినపడింది.

కారు వీధిలోకి వచ్చింది. అప్పటికే వాయవ్యాన మబ్బు లేచింది. ఈ ఊళ్ళో చైత్రవైశాఖాల గాలివాన మీకు తెలిసిందే, పట్టపగలు చీకటి చేసేస్తుంది. దానికి తోడు లోడ్‌షెడ్డింగు. కొట్లలో లాంతర్లు వెలిగాయి. చినుకులు పెద్దవయ్యాయి. సూరన్న వెనక్కి వంగి అద్దాలన్నీ ఎత్తేశాడు.

వంతెన దగ్గరికి వచ్చేసరికి ఓడ వస్తోందని వంతెన లేపారు. ముందు లారీలు, వెనక లారీలు. కదలడానికి లేదు.

"బాబూ," అన్నాడు సూరన్న చిన్నగా, "వెనక ఏటైనా ఎట్టారా? బండి ఎడం పక్కకి ఒరిగిపోనాది."

త్యాగరాజు వెనక్కి తిరగలేదు. పైనున్న అద్దంలో చూశాడు. సీటు ఖాళీ. కాని వెనక ఎడమ కిటికీ అద్దం ఒక్కటీ లోపలి నుంచి మసకబారుతోంది. కాస్త తేటపడి... మళ్ళీ మసకబారి... ఊపిరి తగిలినట్టు.

కర్పూరం వాసన ముక్కు దాకా వచ్చింది. బట్ట ఒరుసుకున్న చప్పుడు. తర్వాత తలుపు లోపలివైపు గోళ్ళ గీకుడు. పిడి ఉండాల్సిన చోట. అక్కడే. మళ్ళీ అక్కడే...

"ఆర్ కొతో దూర్?"

ఇంకెంత దూరం అని. ట్రాములో రోజూ వినే మాటే. అతని చెవి వెనకే వినిపించింది.

సూరన్న కళ్ళు మూసుకుని "అప్పన్నా, సింహాద్రప్పన్నా" అనడం మొదలుపెట్టాడు. దిగి పారిపోదామని చెయ్యి పట్టి లాగాడు. త్యాగరాజుకి ఒక్క మాట తట్టింది: రమ్మన్నది నేను. వానలోకి దిగి, కారు చుట్టూ తిరిగి, బయటి పిడి పట్టుకుని వెనక ఎడమ తలుపు తెరిచాడు. బంగ్లా నోటికి రాలేదు. అమ్మభాషే వచ్చింది.

"దిగండమ్మా."

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కారు మెల్లగా పైకి లేచింది, బరువు దిగినట్టు.

తిరిగి వచ్చి తలుపు కొడితే ఘోషాల్ కాస్త తెరిచి, కారు వెనక తలుపు తీశారా అని అడిగాడు. తీశామంటే మెట్ల మీద కూలబడ్డాడు. ఆరేళ్ళ క్రితం చెల్లెలికి పురుడొస్తే, బిడ్డకి పాతబట్టల మూట కట్టుకున్న తల్లిని కారులో తీసుకువెళుతున్నాడట. ఆవిడకి మతి సరిగా ఉండేది కాదు, నడుస్తున్న కారులోంచి దిగిపోబోయేది. అందుకే ఆవిడ కూర్చునే వైపు పిడి తీయించాడు. దారిలో ఐదు నిమిషాలని ఆఫీసు దగ్గర ఆపి లోపలికి వెళ్ళాడు. లోపల పనివాళ్ళు ఘెరావ్ చేశారు. రాత్రి దాకా గదిలోంచి కదలనివ్వలేదు. చైత్రపు ఎండ, ఎత్తి ఉన్న అద్దాలు.

"కారులో అమ్మ ఉందని వాళ్ళకి చెప్పలేదా?" అని అడిగాడు త్యాగరాజు.

ఘోషాల్ ధర ఇంకా తగ్గిస్తానన్నాడు.

వదిలెయ్యమని సూరన్న పోరు పెట్టాడు. కాని వానాకాలం దగ్గరపడుతోంది, ఇంతకన్నా మంచి ఇంజను ఆ జీతానికి దొరకదు. పైగా ఆవిడ దిగింది కదా అని త్యాగరాజు ధైర్యం చెప్పుకున్నాడు. కారు కొన్నాడు. సూరన్న ఆ తలుపుకి కొత్త పిడి బిగించాడు. కాళీఘాట్‌లో పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించారు. మంగాదేవికి ఇద్దరూ ఏమీ చెప్పలేదు.

ఆషాఢంలో, మిట్టమధ్యాహ్నం, మళ్ళీ అదే వాన, అదే నొప్పులు. వీధి చెరువైంది. ఆ కారు ఒక్క లాగుడికి స్టార్టయి నీళ్ళు చీల్చుకుంటూ పోయింది. ఎక్కడా దగ్గలేదు, ఆగలేదు. ఆసుపత్రి ముందు త్యాగరాజు కుడి తలుపు తీసి భార్యని ఎత్తుకుని పరిగెత్తాడు. గంటలో ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. అమ్మ దయ.

మంచం పక్కన కూర్చుంటే మంగాదేవి నీరసంగా అడిగింది. "పాపం, ఆ పెద్దావిడకి తలుపు తీశారా?"

"ఏ పెద్దావిడ?"

"దారంతా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. మన గుమ్మం పక్కన మూటతో నిలబడితే నేనే అన్నాను, మీరూ రండమ్మా అని."

పాపని చుట్టిన గుడ్డ అప్పుడు చూశాడు త్యాగరాజు. పాత తెల్లచీర ముక్క, మెత్తగా ఉంది. తాము తెచ్చింది కాదు, నర్సు ఇచ్చిందీ కాదు. వంగి వాసన చూశాడు. కర్పూరం... దాని అడుగున తడిసిన గోనె.

వానలో కారు దగ్గరికి పరిగెత్తాడు. ఎడమ అద్దం లోపలి నుంచి తెల్లగా మసకబారి ఉంది. తలుపు తెరిచాడు. "దిగండమ్మా," అన్నాడు. మళ్ళీ అన్నాడు. తడుస్తూ అలాగే నిలబడ్డాడు.

ఈసారి కారు పైకి లేవలేదు.

అదీ సంగతి. త్యాగరాజు ఇప్పటికీ కారు దిగాక, ఎవరూ కూర్చోని వైపు తలుపు కూడా తెరిచి, చేతులు జోడించి ఆ మాట అంటాడు. మీరూ పాతబండి ఏది ఎక్కినా ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. ఒకసారి కాదు, దిగినప్పుడల్లా చేయండి. రమ్మన్నవాళ్ళే దింపాలి.

అన్నట్టు, గుమ్మం పక్కన మూటతో కూర్చున్న తల్లి ఏది? మీలో ఎవరి తాలూకు? ఇందాక ముందుకు రమ్మన్నది నేనే...

ఎవరూ మాట్లాడరేం?

సరే, ఆవిడ సంగతి నేను చూసుకుంటాను. మీరు మాత్రం ఇళ్ళకి చేరాక బండి తలుపు తెరవడం మరిచిపోకండి.